ఎకరా ఇరవై అంటే ఎంత?

కోదాడ నుంచి జగ్గయ్యపేటకు గంట ప్రయాణం కూడా లేదు. ఆ దారిలో రాష్ట్ర సరిహద్దు దాటగానే ఒక అంకెకు అర్థం మారిపోతుంది. కోదాడ రైతు పాసుపుస్తకంలో 1.20 అని ఉంటే ఎకరా ఇరవై గుంటలు, అంటే ఎకరంన్నర. జగ్గయ్యపేట రైతు పాసుపుస్తకంలో అదే 1.20 ఉంటే ఎకరా ఇరవై సెంట్లు, ఎకరం మీద అయిదో వంతు మాత్రమే ఎక్కువ. మొదటిది 7,260 చదరపు గజాలు, రెండోది 5,808. చదివేవాళ్లది ఒకే భాష, రాసిన అంకె ఒకటే, మధ్యలో చుక్కా ఒకటే. తేడా మాత్రం 1,452 గజాలు. రెండొందల గజాల లెక్కన ఏడు ఇళ్ల స్థలాలు.

దేశం మెట్రిక్ పద్ధతికి మారి అరవై ఏళ్లు దాటింది. బియ్యం కిలోల్లోకి, పాలు లీటర్లలోకి, బట్ట మీటర్లలోకి, దారి కిలోమీటర్లలోకి వచ్చాయి. నేల ఒక్కటే రాలేదు. రాకపోవడమే మంచిదని గట్టిగా చెప్పేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. రెవెన్యూలో పనిచేసి రిటైరైనవాళ్లు, వెంచర్లు వేసేవాళ్లు, ఊళ్లో తగాదాలు తీర్చే పెద్దమనుషులు, ఇంజనీరింగ్ చదివిన పిల్లలు కూడా ఇదే మాట అంటారు. వాళ్ల వాదనను వాళ్లు చెప్పినట్టే ముందు పెడతాను.

ఎకరం, సెంటు, గుంట, గజం తరాలుగా జనం నోట నానిన మాటలు. ఎకరం అనగానే రైతుకు పొలం కళ్ల ముందు మెదులుతుంది, హెక్టారంటే ఏమీ మెదలదు. విత్తనం ఎంత, ఎరువు ఎన్ని బస్తాలు, కౌలు ఎంత అన్న లెక్కలన్నీ అతని తలలో ఎకరానికే కట్టి ఉన్నాయి. సెంటు ఎకరంలో నూరో వంతు కనుక అదీ దశాంశ పద్ధతే, కొత్తగా మీటరు తెచ్చి సాధించేది లేదు. పాత దస్తావేజులన్నీ పాత కొలతల్లోనే ఉన్నాయి. వాటిని తిరగరాయాలంటే ఖర్చు, తగాదాలు, మారే సందట్లో మోసాలు. పైగా అమెరికా అంతటి దేశమే ఇప్పటికీ అడుగులను, ఎకరాలను వదల్లేదు.

ఈ వాదన తెలివితక్కువది కాదు. ప్రతి వాక్యంలోనూ కొంత నిజం ఉన్నట్టు కనిపిస్తుంది కనుకనే ఇన్నేళ్లు నిలిచింది. ఒక్కొక్కటిగా విప్పి చూస్తే మాత్రం ఏదీ నిలవదు.

1. "ఇవి మన కొలతలు"

ఎకరం మనది కాదు. మాటా ఇంగ్లీషుదే, కొలతా ఇంగ్లీషుదే. 1620 ప్రాంతంలో ఎడ్మండ్ గంటర్ అనే ఇంగ్లీషు గణితవేత్త 66 అడుగుల సర్వే గొలుసు తయారుచేశాడు. అందులో వంద లింకులు. పది చదరపు గొలుసులు కలిస్తే ఒక ఎకరం, వెయ్యి చదరపు లింకులైతే ఒక సెంటు. తెల్లవాళ్ల సర్వేలతో పాటు ఆ గొలుసు మన పొలాల్లోకి వచ్చింది. గుంట కూడా ఆ కుదురుదే: పక్కకు 33 అడుగుల చదరం, అంటే పక్కకు సగం గొలుసు. గజం పారసీకం నుంచి వచ్చిన మాట. ఇప్పుడు ఆ మాటతో మనం కొలిచేది ఇంగ్లీషు యార్డును.

నిజంగా మనవైన కొలతలు వేరే ఉండేవి. శాసనాల్లో దానం ఇచ్చిన భూమిని మర్తురుల్లో చెప్పారు. ఊళ్లలో నేలను చల్లే గింజతో కొలిచేవారు. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. పుట్టి గింజలు పట్టే నేల పుట్టెడు. అయిదు తూములది ఏదుము, పదిది పందుము. ఎంత అందమైన లెక్క! గింజకూ నేలకూ ఉన్న బంధాన్ని అంత దగ్గరగా చెప్పిన కొలత మళ్లీ రాలేదు. కానీ నేల సారాన్ని బట్టి పుట్టెడు పెరుగుతుంది, తరుగుతుంది. శిస్తు కట్టించుకునే సర్కారుకు అది కుదరలేదు. గొలుసు వచ్చింది, పుట్టెడు పోయింది.

సంప్రదాయం పేరుతో ఎకరాన్ని కాపాడాలనేవాళ్లు ఈ చరిత్రకు జవాబు చెప్పాలి. పరాయి ఎకరం నూటయాభై ఏళ్లలో మనదైపోగలిగితే చదరపు మీటరు ఎందుకు కాలేదు? కొలత ఎక్కడ పుట్టిందన్నది ఆ వాదనకూ పనికిరాదు, నా వాదనకూ పనికిరాదు. దాన్ని పక్కన పెడదాం.

2. "జనానికి అర్థం కాదు"

ఈ మాట అనేవాళ్లు జనాన్ని తక్కువ చేస్తున్నారు. 1951 జనాభా లెక్కల్లో దేశం అక్షరాస్యత 18 శాతం. అలాంటి దేశం 1957 ఏప్రిల్ 1న రూపాయిని పదహారు అణాల నుంచి వంద నయాపైసలకు మార్చింది. 1956 డిసెంబరులో పార్లమెంటు తూనికలు, కొలతల చట్టం చేసింది. 1958 అక్టోబరు 1 నుంచి అది అమల్లోకి రావడం మొదలైంది. 1962 ఏప్రిల్ నాటికి అంగళ్లలో పాత తూనికలకు చట్టం చెల్లుచీటీ ఇచ్చింది. కొన్నేళ్లు పాతా కొత్తా పక్కపక్కన నడిచాయి, తర్వాత కొత్తదే మిగిలింది.

అప్పుడు నేర్చుకున్నది ఎవరు? బడికి వెళ్లని మన అమ్మమ్మలు, నాయనమ్మలు. వీశె అంటే నూట ఇరవై తులాలు, ఎనిమిది వీశెలు మణుగు అని బతికిన మనుషులు కిలోకు అలవాటుపడ్డారు. సంతలో కూరగాయలు అమ్మే మనిషి కిలో ధర వినగానే పావుకిలో ఎంతో చెప్పడం నేర్చుకుంది. ఆమెకు అప్పుడు ఏ యాప్ లేదు, ఏ లెక్కల యంత్రం లేదు.

మాట పోతుందన్న భయం కూడా అక్కర్లేదు. పావలా అంటే నాలుగణాలు. అణా పోయింది, పావలా మాత్రం ఇరవై అయిదు పైసలకు పేరై నిలిచింది. ప్రభుత్వాలు మహిళా సంఘాలకు పావలా వడ్డీ అని పథకం పేరే పెట్టి చెప్పాయి. ఆ నాణెం కూడా చెలామణీ నుంచి పోయింది, మాట పోలేదు. భాష తన పని తాను చూసుకుంటుంది. నాలుక మీద ఏ మాట ఉండాలో చట్టం చెప్పనక్కర్లేదు. కాగితం మీద ఏ కొలత ఉండాలన్నదే ప్రశ్న.

బంగారం దగ్గర ఏం జరిగిందో గుర్తుంచుకోవాలి. తులం అసలు బరువు 11.664 గ్రాములు. ఇప్పుడు చాలా అంగళ్లలో తులమంటే పది గ్రాములు. పాత తులం లెక్కలో ఉన్న ముసలావిడ కొత్త తులం గొలుసు తెచ్చుకుంటే ప్రతి తులానికీ గ్రామున్నరకు పైగా తక్కువ వస్తుంది. బిల్లు మీద గ్రాములు రాసి ఉంటాయి కనుక సరిచూసుకునే దారి ఆమెకు ఉంది. పాత మాట వల్ల కలిగే గందరగోళాన్ని కొత్త కొలత సరిచేస్తోంది. భూమి కాగితానికి ఆ రక్షణ లేదు.

3. "సెంటు కూడా దశాంశమే కదా"

ఎదుటి వాదనలో బలమైనది ఇదే కనుక ఇక్కడ కొంచెం నిలబడాలి. ఎకరంలో నూరో వంతు సెంటు అన్నది నిజమే. కానీ విస్తీర్ణం ఊరికే పుట్టదు, పొడవును వెడల్పుతో హెచ్చవేస్తే వస్తుంది. కనుక భూమి కొలతకు పెట్టాల్సిన పరీక్ష ఒకటే. టేపు పట్టుకుని తన పక్కలు తాను కొలుచుకున్న మనిషి, కాగితంలో రాసిన విస్తీర్ణాన్ని ఎవరి సాయమూ లేకుండా సరిచూసుకోగలడా? ఈ పరీక్షలో సెంటు నిలవదు. గుంట నిలవదు. ఎకరం నిలవదు.

నలభై అడుగుల వెడల్పు, అరవై అడుగుల పొడవు ఉన్న స్థలం తీసుకోండి. హెచ్చవేస్తే 2,400 చదరపు అడుగులు. ఇంతవరకు అయిదో తరగతి పిల్లవాడూ చేస్తాడు. హైదరాబాదులో అమ్మాలంటే దాన్ని తొమ్మిదితో భాగించాలి: 266.67 గజాలు. విజయవాడలో అయితే 435.6తో భాగించాలి: 5.51 సెంట్లు. తెలంగాణ పల్లెలో అయితే 1,089తో: 2.20 గుంటలు. నెల్లూరులో అంకణం 72 చదరపు అడుగులు కనుక 33 అంకణాల పైచిలుకు. తిరుపతిలో అంకణం 36 చదరపు అడుగులే కనుక అదే స్థలం 66 అంకణాలు దాటుతుంది. 435.6తో నోటి లెక్కగా భాగించగలిగిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. చూస్తానన్న ఆశ కూడా లేదు.

దాదాపు అంతే స్థలం 12 మీటర్ల వెడల్పు, 18 మీటర్ల పొడవు ఉందనుకోండి. 216 చదరపు మీటర్లు. పని అయిపోయింది. పొలమైతే 80 మీటర్లు, 50 మీటర్లు: 4,000 చదరపు మీటర్లు, 0.4 హెక్టారు. భాగహారం లేదు, ఊరికొక సంఖ్య గుర్తుపెట్టుకోవడం లేదు. చుక్క నాలుగు స్థానాలు జరిపితే చదరపు మీటరు హెక్టారవుతుంది. దశాంశం అంటే ఇది. సెంటులో ఉన్నది విస్తీర్ణంలో మాత్రమే దశాంశం. పక్క పొడవుకూ విస్తీర్ణానికీ మధ్య దారి తెగిపోయి ఉంది. గంటర్ గొలుసు చేతిలో ఉన్నన్నాళ్లు ఆ దారి ఉండేది, ఎందుకంటే లింకుల్లో కొలిస్తే సెంట్లు తేలిగ్గా వచ్చేవి. గొలుసు పోయి టేపు వచ్చింది. సెంటు ఒంటరిదైపోయింది.

గుంటలకు ఆ పాటి దశాంశం కూడా లేదు. అన్నకు 0.25, తమ్ముడికి 0.25 భూమి ఉంటే కలిపి ఎంత? చేతిలోని లెక్కల యంత్రం 0.50 అంటుంది. అసలు జవాబు 1.10, ఎందుకంటే యాభై గుంటలంటే ఎకరా పది గుంటలు. చుక్క పెట్టి రాస్తాం కానీ అది దశాంశపు చుక్క కాదు. కంప్యూటరుకు ప్రత్యేకంగా నేర్పకపోతే తప్పు చేస్తుంది. తెలియనివాడు తప్పు చేస్తాడు. తెలిసినవాడు కావాలనే తప్పు చేస్తే పట్టుకోగలిగినవాళ్లు ఆ ఊళ్లో ఒకరో ఇద్దరో ఉంటారు.

ధర పోల్చుకునేటప్పుడు చూడండి. ఒకచోట గజం 22 వేలు, ఇంకోచోట సెంటు పది లక్షలు, మరోచోట గుంట 28 లక్షలు. ఏది చవక? సెంటు లెక్కన కొన్నది గజం దాదాపు 20,660 పడుతుంది, గుంట లెక్కన కొన్నది 23,140. జీవితకాలం కూడబెట్టిన డబ్బుతో ఒకేసారి స్థలం కొనే ఉద్యోగికి ఈ లెక్క తెలియాలి. అమ్మించేవాడికి తెలుసు. కొనేవాడికి తెలియదు. ఇద్దరి మధ్య ఉన్న ఆ తేడాయే మన భూమి వ్యాపారంలో ఎన్నో మోసాలకు తలుపు తెరుస్తోంది. కూరగాయలు కొనేటప్పుడు ఒకరు కిలోల్లో, ఒకరు వీశెల్లో, ఒకరు శేర్లలో ధర చెబితే మనం ఒప్పుకోం. జీవితంలో అన్నింటికన్నా ఖరీదైన వస్తువు దగ్గర ఒప్పుకుంటున్నాం.

4. "రైతు లెక్కలన్నీ ఎకరానికే కట్టి ఉన్నాయి"

రైతు మీద ప్రభావం చూపే నిర్ణయాలు ఎక్కడ జరుగుతాయో, ఏ కొలతలో జరుగుతాయో చూడాలి. వ్యవసాయ పరిశోధన హెక్టారుకు ఇన్ని కిలోలని లెక్కిస్తుంది. పంట దిగుబడి గణాంకాలు హెక్టార్లలో వస్తాయి. కేంద్రం దృష్టిలో సన్నకారు రైతు హెక్టారు లోపువాడు, చిన్నకారు రైతు రెండు హెక్టార్ల లోపువాడు. 2019 ఫిబ్రవరిలో పీఎం కిసాన్ మొదలైనప్పుడు అర్హత రెండు హెక్టార్లు. జనంలోకి అది అయిదెకరాలుగానే వెళ్లింది. రెండు హెక్టార్లంటే 4.94 ఎకరాలు. సరిగ్గా అయిదెకరాలున్న రైతు దాదాపు 280 గజాల తేడాతో గీతకు అవతల పడతాడు. కొన్ని నెలల్లో ఆ పరిమితి తీసేశారు కనుక ఆ తగాదా ముదరలేదు. రేపు ఇంకో పథకం వస్తుంది, ఇంకో గీత వస్తుంది. గీత గీసేవాడి కొలత ఒకటి, దాని మీద నిలబడేవాడి కొలత ఇంకొకటి.

వాన మిల్లీమీటర్లలో పడుతుంది. హెక్టారు మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే సరిగ్గా పది వేల లీటర్ల నీళ్లు. పాతిక మిల్లీమీటర్లు పడితే రెండు లక్షల యాభై వేల లీటర్లు. బోరు గంటకు ఎన్ని లీటర్లు పోస్తుందో, డ్రిప్పు గంటకు ఎన్ని లీటర్లు వదులుతుందో రైతుకు తెలుసు. పొలం హెక్టార్లలో ఉంటే ఈ మూడింటినీ వేళ్ల మీద కలుపుకోవచ్చు. ఎకరాల్లో ఉంటే మధ్యలో 4,046.86 అడ్డొస్తుంది. నీటి కరువున్న సీమలో, పాలమూరులో ఈ లెక్క కాలక్షేపం కోసం కాదు.

ప్రాజెక్టుల దగ్గర గందరగోళం ఇంకో మెట్టు ఎక్కింది. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు, నాగార్జునసాగర్‌ది 590 అడుగులు, పోలవరానిది 45.72 మీటర్లు. పోలవరం అంకెకు అంత చిల్లర ఎందుకొచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా? అది నూటయాభై అడుగులు. ఆలోచన అడుగుల్లో చేసి అంకె మీటర్లలో రాస్తే అలా ఉంటుంది. నీళ్ల నిల్వ టీఎంసీల్లో, వెయ్యి మిలియన్ ఘనపుటడుగుల్లో. ఆయకట్టు ఎకరాల్లో. రెండు రాష్ట్రాలు నీళ్ల కోసం తగువులాడుకుంటున్న ఇన్నేళ్లలో, ఒక టీఎంసీ తన ఎకరానికి ఎంతో సొంతంగా లెక్కగట్టుకోగలిగిన రైతులు ఎందరు?

బస్తా సంగతి కూడా చెప్పాలి. కోస్తాలో ఎకరాకు ముప్పై బస్తాలు పండిందంటే బస్తా 75 కిలోలు. కొనుగోలు కేంద్రంలో గోనె సంచి 40 కిలోలు. రైతు తలలో ఉన్న లెక్క గట్టిదని చెప్పేవాళ్లు ఆ లెక్కలోని సంచి ఎన్నిసార్లు మారిందో అడగాలి.

5. "ఖర్చు, తగాదాలు, మోసాలు"

మార్పు సమయంలో మోసాలు జరుగుతాయన్నది నిజం. దాచను. 1957లో అణాకు ఆరుంపావు నయాపైసలు రావాలి. పావు పైస లేదు కనుక అణాకు ఆరు, మూడణాలకు పంతొమ్మిది అని పట్టిక వేశారు. ఆ చిల్లరలో ఎవరో ఒకరు నష్టపోక తప్పదు. ఇలాంటి సర్దుబాట్లు భూమిలో ఖరీదైనవి కూడా. అందుకే మార్పు ఒక్క రాత్రిలో జరగకూడదు.

ఈ భయాన్ని బలపరచడానికి 1983 నాటి ఎయిర్ కెనడా విమానాన్ని ఉదాహరణగా చూపవచ్చు. కెనడా అప్పుడే మెట్రిక్‌లోకి మారుతోంది. ఆ బోయింగ్ 767కు 22,300 కిలోల ఇంధనం కావాలి. లీటర్లను బరువులోకి మార్చేటప్పుడు సిబ్బంది పాత అలవాటు కొద్దీ పౌండ్ల గుణకం వాడారు. కావలసినదాంట్లో సగం కూడా లేకుండా విమానం ఎగిరింది, 41 వేల అడుగుల ఎత్తులో ఇంధనం అయిపోయింది. పైలట్ల నేర్పు వల్ల గిమ్లీ దగ్గర పాత రన్‌వే మీద దిగి 69 మంది బతికారు. దీని నుంచి నేర్వాల్సింది మీటరు ప్రమాదమని కాదు. ఒకే పనిలో రెండు కొలతలు కలగలిపి వాడడమే ప్రమాదం. కెనడా కొన్నేళ్లు గడిపిన ఆ మధ్యస్థితిలో మనం భూమి విషయంలో అరవై ఏళ్లుగా ఉన్నాం. రెరా చట్టం నమోదు పరిమితిని 500 చదరపు మీటర్లని చెబుతుంది, వెంచరు బోర్డు గజాల్లో ఉంటుంది. ఇంటి ప్లాన్‌కు చుట్టూ వదలాల్సిన ఖాళీ మీటర్లలో, కొన్న దస్తావేజు గజాల్లో. ఇది స్థిరత్వం కాదు, సగంలో ఆగిన మార్పు.

ఖర్చు మాటకొస్తే, పెద్ద ఖర్చు ఇప్పటికే పెడుతున్నాం. ఆంధ్రప్రదేశ్‌లో భూముల రీసర్వే 2020 డిసెంబరులో మొదలైంది, అదీ జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులోనే. డ్రోన్లు ఎగరేశారు, ఉపగ్రహ సంకేతాలతో పనిచేసే రోవర్లు తెచ్చారు. ఆ పరికరాలు కొలిచేది మీటర్లలో. హద్దురాయి ఎక్కడుందో సెంటీమీటర్ల తేడాతో చెప్పగల పరికరాన్ని కొని, దాని జవాబును సెంట్లలోకి కుదిస్తున్నాం. ఒక సెంటు 40.47 చదరపు మీటర్లు. అర సెంటు అటూ ఇటూ సర్దితే ఇరవై చదరపు మీటర్లు, ఒక పెద్ద గదంత నేల. మీటర్లలో ఉన్నదాన్ని మీటర్లలోనే ఉంచడానికి ఖర్చేమిటి? ఇప్పుడు ఖర్చవుతున్నది మార్చకుండా ఉండడానికి.

ఇది కుదరదనేవాళ్లు ఇరుగుపొరుగుకు వెళ్లి చూడాలి. తమిళనాడు పట్టాలో విస్తీర్ణం హెక్టార్లు, ఆర్‌లలో ఉంటుంది. మహారాష్ట్ర భూమి రికార్డు సాత్‌బారాలోనూ అంతే. కేరళ రికార్డు ఆర్‌లలో నడుస్తుంది. అక్కడి జనం మాటల్లో సెంటు, గుంట ఇంకా ఉన్నాయి, ఉండనివ్వండి. తగాదా వచ్చినప్పుడు కోర్టు చూసేది కాగితాన్ని. ఆర్ అంటే వంద చదరపు మీటర్లు, మన గుంట 101.17. తెలంగాణ రైతు కంటికి అలవాటైన గుంటకూ ఆర్‌కూ తేడా గట్టు మందం. మారడానికి ఇంతకన్నా దగ్గరి దారి ఏ రాష్ట్రానికీ దొరకదు.

6. "అమెరికా మారలేదు"

అమెరికా 1866లోనే మెట్రిక్‌ను చట్టబద్ధం చేసింది. 1875లో మీటరు ఒప్పందం మీద సంతకం పెట్టింది. 1893 నుంచి అక్కడి గజాన్ని, పౌండును మీటరు, కిలోగ్రాముల ఆధారంగానే నిర్వచిస్తున్నారు. 1959 నుంచి గజమంటే సరిగ్గా 0.9144 మీటర్లు. మన గజమూ అదే. గజాల్లో మాట్లాడుతున్నామనుకునేవాళ్లు కూడా తెలియకుండా మీటరులో ముక్కలనే లెక్కపెడుతున్నారు.

1975లో జెరాల్డ్ ఫోర్డ్ సంతకం చేసిన చట్టం మార్పును ఇష్టానికి వదిలేసింది. గడువు పెట్టలేదు. 1982లో రీగన్ హయాంలో ఆ పని చూసే బోర్డునే ఎత్తేశారు. మార్పు విఫలమైందనడం తప్పు, మార్పు జరగనే లేదు. దాని ధర వాళ్లు కట్టారు. 1999 సెప్టెంబరులో అంగారకుడి దగ్గరకు చేరిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్‌ను పోగొట్టుకున్నారు, ఒక సాఫ్ట్‌వేరు పౌండ్ల బలంలో లెక్క ఇస్తే ఇంకొకటి దాన్ని న్యూటన్లుగా తీసుకుంది. భూమి సర్వేలో వాళ్లకు అడుగులు కూడా రెండు ఉండేవి. సర్వే అడుగుకూ మామూలు అడుగుకూ పది లక్షల్లో రెండు వంతుల తేడా. చిన్నదిగా కనిపించే ఆ తేడా పెద్ద దూరాల మీద హద్దులను జరిపేస్తోందని 2022 చివరితో సర్వే అడుగును అధికారికంగా పక్కన పెట్టారు. డాలస్ నుంచి వచ్చిన మన బంధువు అడుగుల గొప్ప చెబితే ఈ సంగతీ చెప్పండి.

ఎకరం పుట్టిన దేశం ఏమంటోందో కూడా వినాలి. బ్రిటన్‌లో పాత కొలతలను అమ్మకాల్లోకి తిరిగి తెద్దామా అని 2022లో ప్రభుత్వం ప్రజలను అడిగింది. లక్షకు పైగా జవాబులొచ్చాయి. వాటిలో 98.7 శాతం మెట్రిక్ ముందు ఉండాలని, లేదా మెట్రిక్ ఒక్కటే ఉండాలని చెప్పాయి. ఆ ప్రతిపాదన అక్కడితో ఆగింది.

7. ఏం చేయాలి

నేల మెట్రిక్‌లోకి రాకపోవడానికి కారణం ఒకటి దాచిపెట్టకుండా చెప్పుకోవాలి. రాజ్యాంగంలో కొలతల ప్రమాణాలు కేంద్రం జాబితాలో ఉన్నాయి, భూమి రాష్ట్రాల జాబితాలో ఉంది. కిలోను కేంద్రం తెచ్చింది. నేల రాష్ట్రాల చేతిలో ఉండిపోయింది, రాష్ట్రాలు ముట్టుకోలేదు. కనుక అడగాల్సింది హైదరాబాదును, అమరావతిని.

ఎకరం అన్నవాడికి జరిమానా వేయమని నేను అడగడం లేదు. రైతు ఎకరమనే అననివ్వండి. పాసుపుస్తకంలో, అడంగల్‌లో, పహాణీలో, అమ్మకం దస్తావేజులో మొదటి అంకె చదరపు మీటర్లలో ఉండాలి, నాలుగు పక్కల పొడవులూ మీటర్లలో రాయాలి. పక్కన బ్రాకెట్లో అయిదేళ్ల పాటు ఎకరాలు, సెంట్లు, గుంటలు కూడా ఉంచాలి, 1957లో అణాలను ఉంచినట్టు. స్థలాల ప్రకటనల్లో చదరపు మీటరు ధర రాయడం తప్పనిసరి చేయాలి. పాత దస్తావేజు ఒక్కటీ తిరగరాయక్కర్లేదు. భూమి చేతులు మారినప్పుడు, రీసర్వే జరిగినప్పుడు కొత్త కొలత ఎక్కితే చాలు. రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ కలిసి ఒక తేదీ ప్రకటించాలి. తేదీ లేని మార్పు ఏమవుతుందో అమెరికాను చూశాం. తేదీ పెట్టిన మార్పు ఏమవుతుందో మన కిలోను చూశాం.

ప్రభుత్వం కదిలే వరకు మీరు ఆగనక్కర్లేదు. ఈ రాత్రే మీ దస్తావేజు తీసి అందులో పక్కల పొడవులు రాసి ఉన్నాయో లేదో చూడండి. ఉంటే టేపు తీసుకెళ్లి కొలవండి. కొత్తది రాయించేటప్పుడు చదరపు మీటర్లు కూడా రాయమని లేఖరిని అడగండి. అలా రాయడం కుదరదని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. 2009 నాటి తూనికలు, కొలతల చట్టం నాలుగో సెక్షను ప్రకారం ఈ దేశంలో ప్రతి కొలతా మెట్రిక్ పద్ధతిలోనే ఉండాలి.